ఎదురు కుర్చీ

"కొనకండి" అంది.

అంతకుముందు నమస్కారం లేదు, ఏం కావాలండీ అన్న పలకరింపూ లేదు. గోడకి వేలాడుతున్న అకౌస్టిక్ బేస్ గిటారు వైపు నేను చెయ్యి చాపానో లేదో, కౌంటరు వెనకనుంచి కుండ బద్దలు కొట్టినట్టు ఆ ఒక్కమాట. బయట జోరువాన. తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గిటార్ల షాపులో గిటారు కొనొద్దని చెప్పే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఎవరా అని తిరిగితే ముందు పళ్ళు కనిపించాయి. అందులో నా తప్పేం లేదు. నేను పనిచేసేది కట్టుడు పళ్ళ ల్యాబులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైనం మీద పళ్ళు వరసగా పేర్చడమే ఉద్యోగం కాబట్టి ఎవరు ఎదురైనా నా చూపు ముందు నోటి మీదకే పోతుంది. ఈ అమ్మాయికి పై వరసలో ఎడమవైపు కోరపన్ను, పక్కదాని మీదకి కాస్త ఎక్కి కూర్చుంది. మా ల్యాబులో అలా పేరిస్తే మా సార్ పీకి మళ్ళీ పెట్టమంటారు. నాకు మాత్రం ఆ వరసలో దేన్నీ కదపాలనిపించలేదు.

ఎందుకు కొనకూడదని అడిగాను.

"వినపడదు కాబట్టి. చూడ్డానికి అంత పొట్ట ఉంది గానీ గొంతు పిల్లిపిల్లది. అంత లావు తీగలు గట్టిగా పలకాలంటే డబ్బా బీరువా అంతుండాలి. గదిలో ఒక్కరే వాయించుకుంటే సరే. పక్కన ఇంకో గిటారు మోగిందా, దీని పని అయిపోయినట్టే. ఎలక్ట్రిక్ బేస్ కొనుక్కుని చిన్న ఆంప్లిఫయర్ పెట్టుకోండి."

ఎలక్ట్రిక్ బేస్ నాకుంది, ఆంప్ కూడా ఉంది. వచ్చిన చిక్కంతా అదే. ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంటు కింద, కార్లు పెట్టేచోట మా బావ గిటారు పట్టుకుని పాడతాడు. కింది ఫ్లాటు డ్రాయింగు మాస్టారు చెక్కపెట్టె మీద దరువు వేస్తారు. నేను బేస్. కుర్చీలు తెచ్చుకుని వినేవాళ్ళు కూడా ఉన్నారు. ఈమధ్య మొదటి అంతస్తు వాళ్ళకి పాప పుట్టడంతో, కరెంటుతో మోగేదేదీ కింద పెట్టకూడదని అసోసియేషన్ వాళ్ళు తీర్మానించారు. ఆంప్ లేని ఎలక్ట్రిక్ బేస్ అంటే దోమతో సమానం. "కరెంటు లేకుండా వినపడేదేదైనా తెచ్చుకో, లేదా పక్కన నిలబడి చప్పట్లు కొట్టు" అని బావ తేల్చేశాడు. సొంత బామ్మర్దినని కూడా చూడలేదు.

ఇదంతా విని ఆ అమ్మాయి పై అరలోంచి ఇంకో గిటారు దించింది. దాని పొట్ట మీద తళతళలాడే లోహపు మూత.

"రెసొనేటర్. ఆంప్‌లు రాకముందు, మేళంలో గిటారు వినపడటం లేదని దీన్ని కనిపెట్టారు. లోపల పల్చటి లోహపు గిన్నె ఉంటుంది. వీధి చివరికి వినపడుతుంది."

"ఇది బేస్ కాదు కదండీ."

"కాదు. వినపడుతుంది."

ఇంతలో వెనక గదిలోంచి షాపు యజమాని వచ్చారు. ఆ అమ్మాయికి బాబాయ్. ఈయన మాట్లాడినంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. పై కట్టుడు పళ్ళ సెట్టు వదులుగా ఉండి, మాటమాటకీ టక్కుమంటోంది. మర్యాద కాదని నేను పైకి అనలేదు.

ఆయన షాపులో ఒక రూలు ఉంది. కొనేవాళ్ళు వాయించకూడదు, ఎదురు కుర్చీలో కూర్చుని వినాలి. వాయించేది షాపువాళ్ళు. చేతిలో ఉన్నప్పుడు ప్రతి గిటారూ ముద్దుగానే ఉంటుందట, ఎదురుగా కూర్చుంటేనే దాని నిజం తెలుస్తుందట. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఆ అమ్మాయి రెసొనేటర్ వాయించింది. గట్టిగానే మోగి ఉంటుంది. నాకు మాత్రం, వాయిస్తున్నప్పుడు ఆ ఎక్కుడుపన్ను కింద పెదవి మీద ఆనడం ఒక్కటే గుర్తుంది.

బేస్ సంగతి వచ్చేసరికి రూలు తిరగబడింది. బాబాయికి గానీ ఆమెకి గానీ బేస్ వాయించడం రాదు. సరుకు వచ్చినరోజు ఒళ్ళో పెట్టుకుని నాలుగు తీగలూ గిల్లి చూసిందట, అంతే. "మీరే వాయించండి. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే బాబాయ్ ఊరుకోడు, నేను కూర్చుంటాను" అంది. వాయించాను. ఫ్యాను చప్పుడులో నాకే సరిగ్గా వినపడలేదు.

"వినపడిందా?" అన్నాను.

"మీకు వినపడిందా?"

"లేదు."

"మరి ఇంకేం" అని లేచింది.

"ఆలోచిస్తాను" అన్నాను.

నా జీవితంలో నేను చేసిన తెలివైన పని ఆ ఒక్కమాట అనడం. కొనేస్తే మళ్ళీ రావడానికి పనుండదు, కొననని చెప్పేసినా అంతే. ఆలోచిస్తూ ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా రావచ్చు. ల్యాబు కట్టెయ్యగానే రోజూ ఆ షాపులో ప్రత్యక్షమయ్యేవాణ్ణి. ఒకరోజు తీగల సందేహం, ఒకరోజు చెక్క సందేహం, సందేహాలు అయిపోయిన రోజున వాన. ఆ అమ్మాయి నాకు "ఆలోచిస్తా గారు" అని పేరు పెట్టింది. వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒకటి వద్దనే చెప్పేది కాబట్టి నేను "వద్దు గారు" అని పిలవడం మొదలుపెట్టాను. సంగీతం నేర్చుకోని కొడుక్కి ఖరీదైన కీబోర్డు కొనబోయిన ఒక తండ్రిని, ముందు వాణ్ణి అడిగి రండి అని వెనక్కి పంపేసింది. షాపు ఎలా నడుస్తోందని అడిగితే, వెనక్కి వెళ్ళినవాళ్ళే మళ్ళీ వస్తారు అంది.

ఇంట్లో గాలి మరోలా వీస్తోంది. గిటారు చూడ్డానికి వెళ్ళేవాడు తల దువ్వుకుని వెళ్తాడా అని బావ. వాడు చూసేది గిటారు అయితే కదా అని అక్క. ఆదివారాలు మాత్రం పక్కన నిలబడి చప్పట్లే.

రోజూ బేస్ తీసి ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. ఆ అమ్మాయి ఎదురు కుర్చీలో కూర్చుని, ఎవరిదో గిటారుకి పాత తీగలు విప్పి కొత్తవి ఎక్కిస్తూ ఉండేది. నేను వాయించేది ఒకటే బాణీ, సొంతది. ఎలాగూ ఎవరికీ వినపడదు కదా అన్న ధైర్యంతో దాని కింద లోగొంతుకతో మాటలు కూడా కలిపేవాణ్ణి. దిద్దొద్దు, దిద్దొద్దు, ఆ పన్ను దిద్దొద్దు. కవిత్వం అంటే నాకు తెలిసింది అంతే.

సుఖంగా సాగుతున్న ఈ ఆలోచన మీద బాబాయ్ బాంబు వేశారు. అమ్ముడుపోని సరుకు శనివారం కంపెనీకి వెనక్కి పోతుందట. అందులో ఈ బేస్ కూడా ఉంది. దేశంలో ఇంకో షాపు లేదా అనకండి, నాకు కావలసింది ఈ షాపు.

శుక్రవారం గుమ్మంలో గొడుగు విదిలిస్తుంటే లోపలి మాటలు చెవినపడ్డాయి.

"ఆ బేస్ పంపించెయ్ బాబాయ్. ఆయన రోజూ వచ్చి కూర్చుంటుంటే నా చేతులు పనిచెయ్యట్లేదు. నిన్న ఒక గిటారుకి తీగలు తారుమారుగా ఎక్కించాను."

విన్నవాణ్ణి విన్నట్టే వెనక్కి తిరిగాను. ఇన్నాళ్ళూ నేను ఆమె పనికి అడ్డంగా కూర్చున్నానన్నమాట. చాలా సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా బాధేసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. బావ కూడా ఏడిపించకుండా వదిలేశాడంటే నా మొహం ఎలా ఉందో ఊహించుకోండి. ముక్కుసూటిగా ఒక్కమాట చెప్పి వచ్చేద్దామని నిర్ణయించుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ వాన. పార్సిల్ బండి ఆలస్యమైంది. బేస్ అట్టపెట్టెలో పడుకుని ఉంది, మూత ఇంకా అతికించలేదు. ఆమె కౌంటరు దగ్గర టేపు చుట్ట పట్టుకుని నిలబడింది.

"మీరు చెప్పిందే నిజమండీ" అన్నాను. "ఇది వినపడదు. కొనను. ఇన్నాళ్ళూ మీ పని పాడుచేశాను, ఏమనుకోకండి."

ఎప్పుడూ టక్కున జవాబిచ్చే మనిషి, టేపు కొస గోటితో లాగుతూ ఉండిపోయింది.

"ఆలోచించడం అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయితే చివరిసారి వాయించి వెళ్ళండి."

పెట్టెలోంచి తీసింది. కూర్చున్నాను, ఎదురు కుర్చీలో ఆమె కూర్చుంది. వాన కాస్త తెరిపి ఇచ్చింది. చేతులకి అలవాటైన బాణీ అదే వచ్చింది. ఈసారి మాటలు కలపలేదు.

"మాటలేవి?" అంది.

నా చెయ్యి తీగ మీద ఆగిపోయింది.

"పన్ను దిద్దొద్దు అని ఉండాలి కదా ఇక్కడ?"

"మీకు... వినపడిందా?"

"ఆలోచిస్తా గారూ, మీరు దాని వెనకాల కూర్చున్నారు. దాని నోరు నావైపు ఉంది. వాయించేవాళ్ళ చెవికి అందదు, అంతా ఎదురుగా పోతుంది. సరుకు వచ్చినరోజు నేనూ వెనక కూర్చునే గిల్లి, పిల్లిపిల్ల అని తీర్మానించేశాను. మీరు మొదటిరోజు వాయించినప్పుడే తెలిసింది నేను పొరబడ్డానని. ప్రతి తీగా వినపడింది. ఆ తర్వాత మాటలు కూడా."

"మొదటిరోజే తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

నేలవైపు చూసింది. వచ్చినవాళ్ళందరికీ మొహం మీదే నిజం చెప్పే మనిషి మొహం ఎర్రబడింది.

"చెప్తే కొనుక్కుని వెళ్ళిపోతారని."

నిన్న గుమ్మంలో విన్నమాట అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. చేతులు పనిచెయ్యట్లేదు అంది గానీ, నేను చిరాకు పెడుతున్నానని అనలేదు. చెవుల ముందే ఉన్నదాన్ని వినడం చేతకానివాణ్ణి, నేను గిటారు మీద తీర్పు చెప్పడానికి బయల్దేరాను.

"నాకు మీరంటే ఇష్టమండీ" అన్నాను. ఈసారి మామూలు గొంతుతోనే. "బేస్ కూడా కొంటాను. తీగలు తెగినప్పుడల్లా వస్తాను."

"బేస్ తీగలు అంత తొందరగా తెగవు. ఏళ్ళు వస్తాయి."

"నేనే తెంపుతాను."

"వద్దు" అంది. ఆ వెంటనే నవ్వింది. ఎక్కుడుపన్ను పూర్తిగా కనిపించింది. "ఊరికే రండి. వాన కూడా అక్కర్లేదు."

వెనక గదిలోంచి టక్కుమన్న చప్పుడు. బాబాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు. దొరికిపోయిన దొంగలా లేచి నిలబడ్డాను. ఆయన నెమ్మదిగా వచ్చి, ఆమె లేచి ఖాళీ చేసిన ఎదురు కుర్చీలో కూర్చుని, నన్ను కూడా కూర్చోమన్నారు. ఏం ఉద్యోగం, ఇంట్లో ఎవరెవరు అన్నీ అడిగారు. పళ్ళ ల్యాబు అనగానే నోటి మీద అడ్డం పెట్టుకున్న చెయ్యి మొదటిసారి కిందికి దిగింది.

"ఆ పాట నాకూ వినపడింది నాయనా. గోడ అవతలికి కూడా వస్తుంది. మా అమ్మాయి పన్ను సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నా పళ్ళ సంగతి ఏమైనా చూడగలవా?"

సోమవారమే మా డాక్టరు గారి దగ్గర కొలతలు తీయించి, సెట్టు నా చేతులతో నేనే చేస్తానని మాటిచ్చాను. ఆయన ఆమెవైపు తిరిగి "ఏమ్మా, నువ్వేమంటావ్?" అని అడిగారు. ఈమె నోటి వెంట వద్దు అన్నమాట ఎంత సులువుగా వస్తుందో తెలిసినవాణ్ణి కాబట్టి ఊపిరి బిగబట్టాను.

"అనడానికేముంది బాబాయ్. వాయించింది ఆయన, విన్నది నేను. రూలు ప్రకారం నిర్ణయం నాదే. ఇది వెనక్కి పంపొద్దు."

మర్నాడు ఆదివారం ఆమె, బాబాయ్ ఇద్దరూ మా అపార్ట్‌మెంటుకి వచ్చారు. అక్క ఆమెని చూసిన చూపులోనే సగం సంబంధం ఖాయమైపోయింది. మిగతా సగం, మా బావని ఆమె లేపి వెనక్కి జరిపినప్పుడు అయింది. ముందు వరసలో నేను, రెండడుగులు వెనక బావ గిటారు, పక్కన మాస్టారి చెక్కపెట్టె. ఇన్నాళ్ళకి నాకు తగిన మనిషి దొరికిందని బావ పెద్దగా నవ్వి, నోరుమూసుకుని వెనక కూర్చున్నాడు. మొదటి అంతస్తు పాప కూడా నిద్ర లేవలేదు.

పాట మొదలైంది. ఎప్పటిలాగే నాకు నా బేస్ వినపడలేదు. వేళ్ళు కదులుతున్నాయి గానీ మోగుతోందో లేదో తెలీదు. తలెత్తి ఎదురు కుర్చీ వంక చూశాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, పాదం లయకి ఆడుతోంది, ఆ పన్ను కింద పెదవి మీద ఆని ఉంది.

బాగానే మోగుతోందని తెలిసింది.