కింది గదిలో కుర్చీ

ఆస్పత్రి నేలమాళిగలోని కంప్యూటర్ల గది అంటే అటెండర్లందరికీ హడలే. అక్కడ మెషీన్లు చూసుకునే ముసలాయన్ని అందరూ బాబాయ్ అనేవారు. ఓ రాత్రి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాత కూడా తెర మీద మెనూ దానంతటదే కదులుతోందని చెప్పుకునేవారు. మా బావ నవ్వేసేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగంలో చేరింది తనే మరి... నవ్వక ఏం చేస్తాడు.

బతికుండగా బావని పక్కన పెట్టుకుని పని నేర్పిందీ బాబాయే. లైనక్స్ మెషీన్‌లో సెట్టింగులన్నీ మార్చే టూల్ ఒకటుంది — నీలం తెర, బాణం గుర్తు కీలతో నడుస్తుంది. మెషీన్ ముందు కూర్చుని తెరవొచ్చు, ఇంట్లోంచి లైను మీదా తెరవొచ్చు. ఏ అంకె మార్చినా బాబాయ్ కర్సర్‌ని ‘సరే’ మీద నిలిపి చెయ్యి తీసేసేవాడు. "చూసి నువ్వు నొక్కు," అనేవాడు.

బాబాయ్ పోయిన కొన్నాళ్ళకి, ఓ రాత్రి బావ ఇంట్లోంచి ఆ మెషీన్ నెట్‌వర్క్ అడ్రసు మార్చి, చూడకుండా నొక్కేశాడు. ఒక్క అంకె తప్పు. లైను తెగిపోయింది. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే నేను ఫోను చేశాను. అమ్మ మెట్ల మీంచి పడింది, తలకి దెబ్బ, అదే ఆస్పత్రిలో ఉన్నాం. స్కాన్ తీశారు, కానీ ఆ బొమ్మలు డాక్టర్‌కి చేరాల్సింది ఆ మెషీన్ ద్వారానే. అవి చూడందే తల తెరవనన్నాడు. అరగంట దాటితే తన చేతుల్లో లేదన్నాడు.

బావ పది నిమిషాల్లో వచ్చి, నా మొహం కూడా చూడకుండా కిందికి పరిగెత్తాడు. ఆ తర్వాతదంతా అతను చెప్పిందే.

గదిలో చీకటి... ఫ్యాన్ల హోరు. కుర్చీలో కూర్చుని టూల్ తెరిచాడు. తెర మీద ఒకే ఒక్క వాక్యం —

‘దీన్ని ఇప్పటికే మరొకరు వాడుతున్నారు.’

మరొకరా... ఎవరు? బయటి నుంచి లైను లేదు. గది తాళం తన జేబులోనే ఉంది. మళ్ళీ తెరిచాడు. అదే మాట. పై ప్రాణాలు పైనే పోయాయి. కుర్చీలోంచి లేచి, దానికే చేతులు జోడించాడు.

"బాబాయ్... ఒక్కసారి లేవండి. మా అత్తకి టైం లేదు."

ఏడుస్తూనే, లోపల ఎవరున్నారో చూపించే కమాండ్ కొట్టాడు. కనబడింది తన పేరే. ఇంట్లోంచి తాను తెరిచిన టూల్, లైను తెగినా చావకుండా లోపలే పట్టుకు కూర్చుంది. ఇంతసేపూ తన దెయ్యానికి తానే దణ్ణం పెట్టాడన్నమాట. ఏడుపులోనే నవ్వొచ్చింది. దాన్ని ఆపేసి, టూల్ మళ్ళీ తెరిచి, అడ్రసు దిద్దబోయాడు...

అంకె అప్పటికే దిద్ది ఉంది.

కర్సర్ ‘సరే’ మీద ఆగి ఉంది — ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు.

బావ చూశాడు. మళ్ళీ చూశాడు. అప్పుడు నొక్కాడు. పైన బొమ్మలు వచ్చాయని నర్సు నాతో చెప్పింది.

అమ్మ బతికింది. అల్లుడి నిర్వాకం ఆవిడకి ఇంకా తెలీదు, నాకొక్కడికే చెప్పాడు. ఇప్పటికీ పని పడితే బావ ఆ గదికి వెళ్తాడు. కుర్చీ ఖాళీగా వదిలేసి, నిలబడే టైపు చేస్తాడు.