అద్దం తడవకూడదు

ఆ కొండ మీదికి నేను వెళ్ళింది వేసవి సెలవుల్లో. అబ్జర్వేటరీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందని చెప్పగానే మా బావ పగలబడి నవ్వాడు.

"చుక్కలు లెక్కపెట్టడానికి అంత దూరం ఎందుకు మరదలా? మన డాబా ఎక్కితే చాలదూ?"

అక్క ఆయన్ని కసిరింది కానీ తనూ నవ్వాపుకోలేకపోయింది. నాన్న మాత్రం నవ్వలేదు. ఆయన దర్జీ. ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళడం మర్చిపోయిన ఉన్ని కోటుని విప్పి, నా కొలతలకి మళ్ళీ కుట్టి, "కొండ మీద రాత్రిళ్ళు చలేస్తుందటమ్మా" అంటూ చేతికిచ్చాడు.

పై చదువుకి సీటు రావాలంటే పేరున్న శాస్త్రవేత్త ఒకరు నా గురించి సిఫారసు ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం కోసమే వెళ్ళాను. చుక్కల మీద ప్రేమ లేదని కాదు. ప్రేమ ఉన్నవాళ్ళే అందరికీ లోకువని అప్పటికి తెలియదు.

అక్కడి శాస్త్రవేత్తని అందరూ పెద్దసారు అనేవాళ్ళు. కాపురం కొండ కింద ఊళ్ళో. ఆయన మాట తేనె. ఆడపిల్లలందరూ 'తల్లీ', మగపిల్లలందరూ 'నాన్నా'. ఎంత ఆప్యాయతో అని మురిసిపోయాను. ఎవరి పేరూ గుర్తు పెట్టుకునే శ్రమ లేకుండా ఆ పిలుపు అలవాటు చేసుకున్నారని తర్వాత అర్థమైంది.

మొదటి రోజే నన్ను గుమ్మటం లోపలికి తీసుకెళ్ళి టెలిస్కోపు అద్దం చూపించారు. మంచమంత అద్దం. గొట్టం అడుగున, ఆకాశం వైపు తిరిగి, నూతిలో నీళ్ళలా పడుకుని ఉంది. ఆయన దాని మీదికి వంగి, ఊపిరి తగలకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు.

"మనిషి తడిస్తే ఆరతాడు తల్లీ. ఇది తడిస్తే ఆరదు. వాన చినుకు పడిందా, పూత అంతా పాడు."

నన్ను అప్పగించింది ఒక సీనియర్‌కి. ఆయనకి గుడ్లగూబ అని పేరు పెట్టారు. రాత్రంతా మేలుకుని మేలుకుని కళ్ళు అలాగే అయిపోయాయి. ఆయన థీసిస్ ఏళ్ళ తరబడి పెద్దసారు బల్ల మీదే నానుతోంది. ఈలోగా పెళ్ళి సంబంధాలు వచ్చాయి, పోయాయి, ఆఖరికి రావడమే మానేశాయి. మాట తక్కువ మనిషి. నేను ఏదైనా తప్పు చేస్తే తిట్టకుండా తనే సరిచేసేసేవాడు.

గుమ్మటం తలుపు తెరిచి మూసే పని ఆపరేటర్ బాబాయ్‌ది. ఆ తలుపుకి మోటారు ఉంది. మోటారు మొరాయిస్తే చేత్తో తిప్పడానికి, పైన గోడ చుట్టూ ఉన్న సన్నటి నడవ మీద ఒక ఇనప చక్రం ఉంది, కిందివాళ్ళతో మాట్లాడటానికి పక్కగది లైనుకే కలిపిన ఒక ఫోనూ ఉంది. అక్కడికి ఎక్కాలంటే నిటారు నిచ్చెన. ఒక సాయంత్రం నేను ఆ నిచ్చెన మీద కాలు పెట్టబోతే బాబాయ్ కేకేశాడు.

"అమ్మాయ్! దిగు. దాని జోలికి పోకు."

"ఏం బాబాయ్?"

"ఏముంది, కొన్నేళ్ళ కిందట నీలాంటి పిల్లే ఒకతి వానలో ఎక్కి కింద పడింది. మళ్ళీ లేవలేదు." చేతులు గుడ్డకి తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "ఎవరూ చెప్పకుండానే తనంతట తానే ఎక్కిందని రాసుకున్నారు. ఆ పిల్లా, మన గుడ్లగూబా ఒకేసారి చేరారు ఇక్కడ. ఇంకేం అడక్కు నన్ను."

గుడ్లగూబని అడిగాను. ఆయన కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా, "భోజనానికి వెళ్ళు, మెస్ మూసేస్తారు" అన్నాడు.

నాకు అప్పగించిన నక్షత్రానికి ఒక జోడీ ఉంది. అది అడ్డం వచ్చినప్పుడల్లా నా నక్షత్రం వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని మొదటినుంచి చివరిదాకా కొలవాలి. నేనున్న వేసవిలో అలాంటి రాత్రి ఒక్కటే వచ్చింది. సరిగ్గా ఆ రోజే ఆపరేటర్ బాబాయ్ కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చి, ఆయన కొండ దిగిపోయాడు. "ఆకాశం అద్దంలా ఉంది, మీరిద్దరూ కానిచ్చేయండి" అన్నారు పెద్దసారు ఊళ్ళోంచి ఫోన్లో.

నిజంగానే అంత తేటగా ఉంది ఆకాశం. మేమిద్దరం గుమ్మటం పక్కగదిలో కూర్చున్నాం. మధ్యలో గాజు కిటికీ. అవతల చిన్న ఎర్రదీపం, ఆ వెలుగులో టెలిస్కోపు నీడ. గ్రీజు వాసన. గుమ్మటం కాస్త కాస్త తిరుగుతున్నప్పుడు చక్రాలు మూలుగుతున్నాయి. తెర మీద నా నక్షత్రం మెల్లగా మసకబారుతోంది. నాకు ఒళ్ళు పులకరించింది. అంత దూరాన జరుగుతున్నదాన్ని ఆ క్షణాన నేనొక్కదాన్నే చూస్తున్నాననిపించింది.

అప్పుడు వెలుగు ఒక్కసారిగా పడిపోయింది. మసకబారడం కాదు, ఆరిపోవడం.

"మబ్బు!" అని గుడ్లగూబ లేచాడు. గుమ్మటం దాటి వెళ్ళి బయటి తలుపు తీసి చూసేసరికి కొండ వెనకనుంచి నల్లటి మేఘం సగం ఆకాశాన్ని మింగేసింది. గాలిలో తడి మట్టి వాసన. ఆయన పరుగున వచ్చి మీట నొక్కాడు. గుమ్మటం తలుపు గరగరమంటూ కదిలింది... సగం దాకా వచ్చింది... ఆగిపోయింది.

మళ్ళీ నొక్కాడు. మోటారు ఒకసారి గుర్రుమని ఊరుకుంది. అద్దం మీది మూతలూ దానికే కలిపారు. అవీ కదల్లేదు.

ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. పెద్దసారు మొదటి మాట:

"అద్దానికి ఏమీ కాలేదు కదా?"

"ఇంకా లేదు సార్. తలుపు సగంలో ఇరుక్కుపోయింది. వాన మొదలైంది."

"అయితే ఆలోచిస్తావేం? పైకెక్కి చేత్తో తిప్పండి. ఆ అమ్మాయిని ఎక్కించు, తేలిగ్గా ఉంటుంది."

"సార్... నిచ్చెన తడిసిపోయింది సార్."

అవతల అదే తేనె గొంతు. "నీ థీసిస్ ఇంకా నా బల్ల మీదే ఉంది నాన్నా. గుర్తుందా? తల్లీ, నువ్వూ వింటున్నావా? నీ ఉత్తరం రేపు పొద్దున్నే రాస్తాను."

నేను లేచాను. అబద్ధం ఎందుకు, ఎక్కేదాన్నే. నాన్న కుట్టిన కోటు గుండీలు పెట్టుకుంటూ తలుపు వైపు నడిచాను. గుడ్లగూబ నా చేయి పట్టుకున్నాడు. వద్దని తల అడ్డంగా ఊపాడు.

"ఎవరు ఎక్కుతున్నారు?" అన్నారు పెద్దసారు.

"నేనే సార్. ఎక్కుతున్నాను."

ఆడగొంతు... ఫోన్లోంచి.

నేను మాట్లాడలేదు. నా పెదాలు కూడా కదల్లేదు. పైన నడవ మీద ఇదే లైనుకి కలిసిన ఇంకో ఫోన్ ఉందని నాకు తెలుసు. గొంతు అక్కడినుంచే వస్తోంది. దాని వెనక వాన చప్పుడు వినపడుతోంది.

"శభాష్ తల్లీ!" అన్నారు ఆయన.

గుడ్లగూబ గాజు కిటికీకి మొహం ఆనించి పైకి చూశాడు. "అది..." అన్నాడు గుసగుసగా. "దాని గొంతే..."

కిర్ర్... కిర్ర్...

పైన చక్రం తిరగడం మొదలైంది.

గాజులోంచి చూశాను. ఎర్రదీపం వెలుగు నిచ్చెన సగం దాకే అందుతుంది. ఆ పైన చీకటి. తలుపు సందులోంచి పడుతున్న వానధార టెలిస్కోపు పక్కనే నేల మీద చిట్లుతోంది. అద్దానికి జానెడు దూరం. చక్రం ఒక్కో చుట్టు తిరుగుతున్నకొద్దీ ఆ ధార సన్నబడుతోంది... ఇంకా సన్నబడింది... ఆగిపోయింది.

ఠక్. తలుపు మూసుకుంది.

"సార్..." ఫోన్లో మళ్ళీ ఆ గొంతు. ఆయాసపడుతున్నట్టు ఉంది. "అద్దం బాగానే ఉందనుకుంటాను సార్. మీరొకసారి వచ్చి చూసుకుంటే..."

"వస్తున్నా తల్లీ. వస్తున్నా."

ఫోన్ పెట్టేశారు.

మేమిద్దరం ఆ గది దాటి కదల్లేదు. బయటికి వెళ్ళాలంటే గుమ్మటంలోంచే వెళ్ళాలి. మాట్లాడుకోవడానికి కూడా భయమేసింది. పైన ఎవరో నడవ మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నట్టు ఇనప కమ్మీకి ఏదో మెల్లగా తగులుతోంది. టంగ్... టంగ్... కారు వచ్చేదాకా అది ఆగలేదు.

పెద్దసారు గొడుగు దులుపుకుంటూ గుమ్మటంలోకి వచ్చారు. మా గది వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా టెలిస్కోపు దగ్గరికి వెళ్ళి, టార్చి వేసి, అద్దం మీదికి వంగారు. గాజు ఇవతలనుంచి నేను అరిచాను. "సార్, నేను ఎక్కలేదు సార్! మేమెవరం ఎక్కలేదు!"

విన్నారో లేదో. అద్దంలోకే చూస్తున్నారు. ఆయన వీపు బిగుసుకుపోయింది. అద్దంలో ఏం కనపడిందో నాకు తెలియదు. ఆయన మెల్లగా తలెత్తి పైకి, చీకట్లోకి చూశారు. చాలాసేపు.

తర్వాత మాట్లాడారు. ఎంతో నెమ్మదిగా, చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు.

"నేను నిన్ను ఎక్కమన్నానా తల్లీ? నువ్వే కదా ఎక్కావు..."

గుడ్లగూబ చెవులు మూసుకున్నాడు.

కిర్ర్...

ఈసారి చక్రం రెండోవైపు తిరిగింది. తలుపు తెరుచుకుంటోంది.

"వద్దు... వద్దమ్మా... అద్దం..."

బయట వడగళ్ళు మొదలయ్యాయి. చక్రం వేగంగా, ఇంకా వేగంగా... మనిషి చేయి అంత వేగంగా తిప్పలేదు. వాన మొత్తం గుమ్మటంలోకి విరుచుకుపడింది. ఎర్రదీపం ఆరిపోయింది. ఆ ముందు క్షణంలో చూశాను. పెద్దసారు పారిపోలేదు. గొట్టంలోకి దూరి, చేతులు బార్లా చాపి, అద్దం మీద బోర్లా పడుకున్నారు.

తెల్లవారాక మేం ఆయన్ని బయటికి లాగాం. ఒళ్ళంతా కమిలిపోయింది. ఒక చేయీ, ఒక కాలూ చచ్చుపడ్డాయి. మూతి వంకరపోయింది. అద్దం మాత్రం ఆయన పడుకున్న మేర పొడిగా ఉంది.

విచారణ జరిగింది. మేం జరిగింది జరిగినట్టు చెప్పాం. విన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. విద్యార్థుల నిర్లక్ష్యం వల్ల తలుపు తెరిచి ఉండిపోయిందని, ప్రాణాలకు తెగించి పెద్దసారు అద్దాన్ని కాపాడారని తేల్చారు. ఆయనకి సన్మానం ప్రకటించారు. అద్దానికి కొత్త పూత వేయించారు. గుడ్లగూబని సామాను సర్దుకోమన్నారు. బస్సు దగ్గర వీడ్కోలు చెబుతుంటే, "ఆ రోజు కూడా ఇలాగే రాశారు. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను" అన్నాడు. మళ్ళీ ఆయన్ని చూడలేదు.

నాకు ఇంటర్న్‌షిప్ చేసినట్టు కాగితమైనా ఇవ్వలేదు. పెద్దసారు సంతకం ఉంటేనే ఇస్తామన్నారు. సిగ్గు విడిచి ఆస్పత్రికి వెళ్ళాను. సంతకం చేసే చేయి దుప్పటి మీద పనికిరాని వస్తువులా పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. పక్కన ఆయన భార్య, చెంచాతో నీళ్ళు పోస్తూ ఉంది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ రాత్రి ఆయనతో వచ్చింది నువ్వేనా?"

"కాదండీ. నేను పైన కొండ మీదే ఉన్నాను. సారు ఒక్కరే వచ్చారు."

ఆమె చెంచా పక్కన పెట్టి, ఇంకోసారి నా మొహంలోకి చూసింది.

"కాదులే, నువ్వు కాదు. ఆయన కారు తీస్తుంటే మేడ మీంచి చూశాను. పక్కసీట్లో ఒకమ్మాయి కూర్చుని ఉంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కొండ మీద చదువుకునే పిల్లే అయుంటుందిలే, వానకి తడిసుంటుంది అనుకున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "పొద్దున లేచి చూస్తే మా వీధి వీధంతా పొడిగా ఉందమ్మా. కింద ఆ రాత్రి చినుకు కూడా పడలేదట."