చల్లనీళ్ళ మచ్చలు

“కత్తెర కింద పెట్టండి!”

ఆకు కోయబోతున్న అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె నీళ్ళ పైపు పారేసి, బురద చెప్పులతోనే దూసుకొచ్చి ఆ కత్తెర లాక్కుంది.

“ఒక మొక్కని కోసిన కత్తెర తుడవకుండా రెండో మొక్కకి పెడతారా? లేని రోగం మీరే అంటించేలా ఉన్నారే! ఏం చదివారండీ?”

“ఐదేళ్ళు చదివాను,” అన్నాడతను నీరసంగా. “పొద్దుట్నుంచి ఇది ఆరో నర్సరీ. నాలుగోదాకా తుడుస్తూనే వచ్చాను.”

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక ఊరుకుంది. స్పిరిట్ గుడ్డతో కత్తెర తుడిచి అతని చేతిలో పెట్టింది.

ఆ షెడ్డులో నాలుగువందల ఆర్కిడ్ కుండీలు. తొమ్మిదేళ్ళుగా ఆమె వాటి చాకిరీలోనే ఉంది. పుస్తకాలు చూసి నేర్చుకోలేదు, చచ్చిన మొక్కల్ని చూసి నేర్చుకుంది. పది రోజుల కిందట ఆకులమీద పసుపు మచ్చలు లేచాయి. యజమాని వచ్చి చూసి తేల్చేశాడు: “వైరస్ అయితే మొత్తం తగలబెట్టి షెడ్డు మూసేస్తా. నువ్వు వేరే పని చూసుకో.” అదేమిటో చెప్పడానికే ల్యాబ్ నుంచి ఇతను వచ్చాడు. మెడలో తాడుకు భూతద్దం, మడమ అరిగిన బూట్లు, కళ్ళకింద నల్లటి చారలు.

అతను ఆకు ముక్కలు నలిపి, రసంలో కాగితపు పట్టీలు ముంచాడు.

“రెండో గీత వస్తే వైరస్. పది నిమిషాలు చూడాలి. కూర్చోండి.”

“కూర్చుంటే మళ్ళీ లేవలేనండీ భూతద్దంగారూ. మీరు కూర్చోండి.”

“నాదీ అదే బాధ.”

ఇద్దరూ నిలబడే ఉన్నారు. పైన రేకుమీద వాన మొదలైంది. ఆమె పట్టీల వంకే చూస్తోంది. అతను పట్టీల వంక చూస్తున్నట్టు నటిస్తున్నాడు. ఆమెకు అది తెలుస్తూనే ఉంది. గొడవ పెట్టుకునే ఓపిక కూడా లేదు, చూసుకోనీ అనుకుంది.

మూడు పట్టీలు. మూడింటిమీదా ఒక్కటే గీత.

“వైరస్ కాదు,” అన్నాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“మరి మచ్చలేంటి?”

అతను వరుసలన్నీ తిరిగాడు. ఆకు అడుగున పురుగు లేదు. మచ్చ పైవైపే ఉంది, కాస్త గుంటపడి. స్తంభం వెనక ఉన్న పన్నెండు కుండీలకు మాత్రం ఒక్క మచ్చా లేదు.

“వీటికి ఎవరు నీళ్ళు పోస్తారు?”

“నేనే. అక్కడికి పైపు అందదు. డ్రమ్ములోంచి మగ్గుతో...”

మాట సగంలో ఆగింది. తన నోటివెంట వచ్చిందేమిటో ఆమెకు అప్పుడు వినబడింది.

సాయంత్రం డ్రమ్ములు నింపి ఉంచాలి. తెల్లారేసరికి ఆ నీళ్ళకు షెడ్డు వెచ్చదనం పడుతుంది. అప్పుడు పోయాలి. ఇదివరకు షెడ్డులో తోడుగా పనిచేసిన పెద్దామె నింపేది, ఈమె పోసేది. చలి ముదిరిన నెలలోనే యజమాని పెద్దామెను మానిపించాడు. రెండు పన్లూ మీదపడి ఒళ్ళు హూనమై, చలి తగ్గేదాకా రెండు వారాలపాటు ఈమె పైపు తిప్పి నేరుగా ఆకులమీదే పట్టింది. గడ్డకట్టించే నీళ్ళు.

“నేనే చేశాను,” అంది. “కానీ అది జరిగి నెల దాటింది.”

“చలి తగిలిన ఆకు వెంటనే చెప్పదండీ. వారాలు పోయాక మచ్చ వేస్తుంది.”

“మా పెద్దామె నడుమూ అంతే. ఇన్నాళ్ళు మోసి, పని పోయాక పట్టేసింది.”

అతను పెన్ను తీశాడు. “వాతావరణం అని రాసేస్తాను. మీ పేరెందుకు?”

“ఎందుకేంటి? అలా రాస్తే వచ్చే చలికి మళ్ళీ ఇదే గతి. నా పని పోతే పోయింది, నిజం రాయండి. కాకపోతే సగం రాసి చేతులు దులుపుకోకండి. చల్లనీళ్ళు ఎవరు పోశారో రాసినవాళ్ళు ఎందుకు పోశారో కూడా రాయాలి. అది మీ కాలేజీలో చెప్పలేదేమో!”

అతను రాశాడు. యజమాని వచ్చి, చదివి కాగితం బల్లమీద కొట్టాడు.

“‘మచ్చలకు కారణం చల్లనీళ్ళు. దానికి కారణం ఇద్దరి పని ఒక్కరిచేత చేయించడం. మందు: రెండో మనిషి.’ ఏంటయ్యా ఇది? మొక్కకి మందడిగితే మనిషిని రాశావ్!”

“వచ్చిన మచ్చ పోదు సార్. కొత్త ఆకు శుభ్రంగా రావాలంటే ఇదే మందు. నా సంతకం ఉంది, ఇంకో ల్యాబ్‌కి చూపించుకోండి.”

యజమాని నాలుగువందల కుండీల వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. “ఆ ముసలమ్మని సోమవారం నుంచి రమ్మను,” అని గొణిగి వెళ్ళిపోయాడు. ఆమెను పొమ్మనలేదు. పొమ్మంటే నీళ్ళు పోసేదెవరు?

ఆ పై ఆదివారం అతను మళ్ళీ దిగాడు, వానలో తడిసి.

“మళ్ళీ పరీక్షా?”

“సెలవు. డ్రమ్ములు నింపుదామని...”

“వద్దు. మీరు ఊరికే చేసిపెడితే పెద్దామె నోట్లో మట్టి కొట్టినట్టే. వచ్చిన సంగతి చెప్పండి.”

అతను భూతద్దం తాడు వేలికి చుట్టుకున్నాడు. “మీరు అరిచినప్పట్నుంచి కత్తెర తుడవడం మానలేదు. ఆరో నర్సరీలోనూ తుడుస్తున్నాను. తుడిచినప్పుడల్లా మీరు గుర్తొస్తున్నారు. రోజుకి అరవైసార్లు. ఇక నా వల్ల కాదండీ.”

డ్రమ్ము వెనకనుంచి పెద్దామె తల ఎత్తింది. “అరవైసార్లు తలుచుకున్నవాడికి ఒక్కసారైనా బదులు చెప్పవే! పైపు నేను పట్టుకుంటా.”

ఆమె చేతులు చీరకొంగుకు తుడుచుకుంది. ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి, దానిమీద నెమ్మదిగా కూలబడి కాళ్ళు చాపుకుంది. ఈ షెడ్డులో పని గంటల్లో ఆమె కూర్చోవడం పెద్దామె కూడా ఎప్పుడూ చూడలేదు.

“కూర్చుంటే లేవలేనన్నారు?” అన్నాడతను.

“అవును, లేవలేను,” అంది, పక్కనున్న పెట్టెను కాలితో అతని వైపు తోస్తూ. “లేపడానికి మీరుంటారుగా.”