సిరప్ సీసా వెనక చీటీ

క్రషింగ్ మొదలైన రోజు నుంచీ ఉదయభాస్కర్‌కి ల్యాబ్ కెమిస్ట్ నాగదుర్గ అంటే పిచ్చి ఇష్టం. సామర్లకోట దగ్గర ఆ చక్కెర ఫ్యాక్టరీలో ఈ సంగతి బాయిలర్ వాళ్లతో సహా అందరికీ తెలుసు. ఆమెకి చెప్పడం ఒక్కటే మిగిలింది. మరి ఇంజనీరు గారాయె, ఒకరిని ఏదైనా అడగాలంటే మహా నామోషీ!

మంగళవారం సిరప్‌ని తేర్చే కొత్త మిషన్, క్లారిఫయర్, స్టార్ట్ చేశాడు. సిరప్‌లో జిగురు మందు కలిపితే మడ్డంతా తెట్టు కట్టి పైకి తేలాలి, కింద తేట సిరప్ దిగాలి. దిగింది మాత్రం వరద గోదారి.

"ఆ మందు కలిపే పద్ధతిలోనే ఏదో..." అంది నాగదుర్గ.

"మీరు రీడింగులు రాయండి చాలు. సలహాలు నేనడిగినప్పుడు చెబుదురుగాని."

"అలాగేనండి." ఆ 'అండి' ఎంత చల్లగా ఉందో పాపం అబ్బాయిగారికి తెలియలేదు.

ఆ ల్యాబ్‌లో ఓ అలవాటుంది. సిరప్‌ని గాజు సీసాలో పోసి వెనక కాగితం పెడతారు. అక్షరాలు కనబడితే పాస్. నాగదుర్గ ఓ చీటీ మీద ఏదో రాసి సీసా వెనక అంటించింది.

"ఏం రాశారేంటి?"

"సిరప్ తేరితే మీరే చదువుకోండి."

ఇంకేముంది, అది ప్రేమలేఖేనని తేల్చేసుకున్నాడు. మందు రెట్టింపు చేశాడు. మందు కలిపే పంపు స్పీడు పెంచాడు. సిరప్ ఇంకా మురికెక్కింది.

గురువారం జనరల్ మేనేజర్ సూర్యప్రకాశం గారు పిలిచారు. "శనివారంలోగా తేరకపోతే మిషన్ మూలకి, నువ్వు చెరుకు బళ్ల కాటా దగ్గరికి."

కాటా గేటు పక్కన. అక్కణ్ణుంచి ల్యాబ్ కిటికీ కూడా కనబడదు. అబ్బాయిగారికి అన్నం సహించలేదు.

శుక్రవారం పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. "దుర్గగారూ, నాకు తెలియట్లేదండి. మీరే చెప్పాలి."

"అమ్మయ్య, అడిగారు! మా నాన్నగారు బెల్లం వండుతారండి. బెండమొక్కల జిగురు పోస్తే మడ్డి తేలుతుంది. ఆ మొక్కల్ని నీళ్లలో చేత్తో పిసుకుతారు, మిక్సీలో వెయ్యరు. జిగురు తెగిపోతే మడ్డినేం పట్టుకుంటుంది? మీరేమో స్పీడు పంపుతో చితక్కొడుతున్నారు."

పంపు ఆపించాడు. సగం మందే వేసి తొట్టిలో నెమ్మదిగా కలిపించాడు. మధ్యాహ్నానికి తెట్టు దుప్పటిలా లేచింది. సీసాలో సిరప్ బంగారు రంగులో నిలిచింది. ఆత్రంగా వంగి చదివాడు.

'పంపు ఆపండి. నెమ్మదిగా కలపండి.'

"ఇదేనా? నాలుగు రోజులుగా ఉన్నది ఇదేనా!"

"మీరేమనుకున్నారేంటి?"

మొహం మాడిపోయింది. "అంటే... మనం ఒకే డిపార్ట్‌మెంటు... సీజన్ కూడా అయిపోవస్తోంది... ఒక విధంగా చూస్తే..."

"మళ్లీ స్పీడెక్కువైంది. నెమ్మదిగా అడగండి."

ఈసారి నెమ్మదిగానే అడిగాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారాండి?"

నాగదుర్గ చీటీ తీసి, తిరగేసి, ఏదో రాసి మళ్లీ అంటించింది. సిరప్‌లోంచి ప్రతి అక్షరం కనబడింది.

'సరే. ఆదివారం వచ్చి నాన్నగారిని కూడా ఇలాగే అడగండి.'

"అడుగుతానండి," అన్నాడు ఉదయభాస్కర్, తను ఇంజనీరన్న సంగతే మర్చిపోయి.