లగ్నపత్రిక కామెంటరీ

మద్రాసు జార్జి టౌన్‌లో బస్సెక్కి కూర్చున్న సంయుక్తకు, ముందు సీటులోంచి తన గొంతే వినిపించింది.

"చిరంజీవి గోల్‌కీపరు గారు కుడిపక్క దూకినారూ... బంతి మాత్రం ఎడంపక్క బోయిందీ! ఆడ జూడండి, వల ఎట్లా ఊగతా ఉండాదో!"

ఆమె చేతిలోని టిక్కెట్టు జారిపోయింది. ముందు సీటులో ఒక పెద్దాయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని మురిసిపోతున్నాడు. గొంతు తనదే, అందులో అనుమానం లేదు. రోజూ హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు తానే వినే డబ్బింగ్ ఆర్టిస్టు ఈ విషయంలో పొరబడదు. కానీ తను జన్మలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ చూడలేదు. పైగా విజయవాడలో పుట్టి పెరిగిన పిల్ల "ఉండాది" అని ఎప్పుడంది?

"అదేంటండీ మీరు చూస్తున్నది?" అని అడిగింది.

"వరల్డ్ కప్పు అమ్మా! బొమ్మలన్నీ ఏఐ, మనిషి మొహమే కనపడదు. అయినా ఈ పాప చెప్తా ఉంటే పెళ్ళిలో కూర్చోనుండేట్టే ఉంటాది. మా ఇంట్లో దినామూ చూస్తాం."

పెళ్ళిలో కూర్చున్నట్టు!

సంయుక్త మళ్ళీ విన్నది. ప్రతి ఆటగాడి పేరూ సాగదీసి, చివర మర్యాదగా కిందికి దించుతోంది ఆ గొంతు. అది కామెంటరీ కాదు, లగ్నపత్రిక చదివే రాగం. ఆమె జీవితంలో లగ్నపత్రిక చదివింది ఒక్కసారే. పోయిన నెల, చింతాద్రిపేటలో, ప్రీతి నిశ్చితార్థంలో.

ప్రీతి, సంయుక్త పనిచేసే రికార్డింగ్ థియేటర్లో రిసెప్షనిస్టు. వాళ్ళది ఎన్ని తరాలుగా మద్రాసులో ఉన్నారో వాళ్ళకే తెలియని తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్ళో మాత్రం అందరూ తమిళమే చదివారు. ఆ రోజు తెలుగులో రాయించిన లగ్నపత్రిక చేతులు మారుతూ గదంతా తిరిగింది. వచ్చిన పురోహితుడూ తమిళాయనే. చివరికి ప్రీతి వాళ్ళ అవ్వ పంకజం, "మాకు మాట్లాడను వస్తాది, చదవను రాదు. ఎవురన్నా చదివి పుణ్యం కట్టుకోండమ్మా" అని బతిమాలింది. అప్పుడు లేచి చదివింది సంయుక్త. ఎదురుగా నిలబడి ఫోనులో రికార్డు చేసినవాడు ప్రీతి అన్న, శ్రీకుమార్. చదవడం అయ్యాక ఆమెకు మాత్రం రెండో గ్లాసు బాదంపాలు తెచ్చిచ్చి, సిగ్గుగా నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఆమెకు నాలుగు రోజులు గుర్తుండిపోయింది కూడా.

ఆ నవ్వు వెనక ఇదా సంగతి! సంయుక్త బస్సు దిగి చింతాద్రిపేటకు ఆటో పట్టుకుంది.

తలుపు తీసింది శ్రీకుమారే. ఆమెను చూడగానే మొహం వెలిగింది.

"అరె, మీరా? రాండి రాండి. ప్రీతి ఇంకా రాలేదే..."

"ప్రీతి కోసం రాలేదు. నా గొంతు మీ దగ్గరుందట, తీసుకెళ్దామని వచ్చాను."

వెలిగిన మొహం అంతే వేగంగా ఆరిపోయింది.

"మీకెట్లా తెలిసింది?"

"బస్సులో విన్నాను. గోల్‌కీపర్‌ని ఎవడైనా చిరంజీవి అంటాడా?"

"అది... యాప్‌లో మీ రికార్డింగ్ వేసినా. గొంతుతో పాటు ఆ రాగమూ పట్టుకునేసింది. వింటే బాగుండాది, సరే కానీలే అని చిరంజీవి నేనే చేర్చినా. అయ్యో, తిట్టేదుంటే లోపలికొచ్చి తిట్టండి, అవ్వ నిద్రపోతా ఉంది."

లోపలికెళ్ళి కూర్చుని, అవ్వ లేవకుండా గుసగుసగా తిట్టింది సంయుక్త. అతను తల దించుకుని అన్నీ విన్నాడు. తర్వాత తన కథ చెప్పాడు. పెళ్ళి కార్డులు అచ్చేసే ప్రెస్సులో డిజైనరుగా ఉండేవాడు. ఇప్పుడు ఓనరే ఫోనులో ఏఐతో డిజైన్లు చేసుకుంటున్నాడు, ఇతన్ని ఇంటికి పంపేశాడు. తెలుగులో ఫుట్‌బాల్ గురించి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కదా, వరల్డ్ కప్పు ముగిసేలోగా నాలుగు రాళ్ళు సంపాదిద్దామనుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి యాప్‌లో పెడితే, యాప్ ఇచ్చిన గొంతులన్నీ రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్లలా ఉన్నాయి.

"మీ గొంతు పెట్టినా. అంతే, జనం వచ్చి పడినారు."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటారని భయం. జనం వచ్చినాక ఇంకా భయం."

"మీ డిజైన్లు మెషిన్ లాక్కుందని అంత బాధపడ్డారే. మరి మీరు నాకు చేసిందేంటి?"

ఆ మాట శ్రీకుమార్‌కు నిజంగా ఇప్పటిదాకా తట్టలేదు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. డబ్బింగ్ ఇన్‌చార్జి హైమవతి.

"ఏంటి సంయుక్తా, గొంతు ఏఐ వాళ్ళకి అమ్ముకున్నావంట? డైరెక్టర్ గారికి ఎవరో వీడియో పంపారు. రేపు మన హీరోయిన్ నోరు తెరిస్తే హాల్లో జనం గోల్ అని అరుస్తారు అంటున్నారాయన. వేరే అమ్మాయిని పిలవమన్నారు."

"మేడమ్, నేను అమ్మలేదు! నాకే ఇవాళ తెలిసింది!"

"అందరూ అదే అంటారమ్మా" అంటూ ఫోను పెట్టేసింది హైమవతి.

సంయుక్తకు దక్కింది ఇన్నేళ్ళూ గుంపులో అరుపులూ, హీరోయిన్ స్నేహితురాళ్ళ కిలకిలలే. మొదటిసారి హీరోయిన్ వేషానికి గొంతిచ్చే అవకాశం వచ్చింది, ఇంతలో పోయింది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"నేను చెప్తా వాళ్ళకి. తప్పు నాదని చెప్తా" అన్నాడు శ్రీకుమార్ లేచి నిలబడి.

"మీరెవరని చెబుతారు? మొహం లేని ఛానెల్ మీది!" అని విసురుగా వెళ్ళిపోయింది.

మర్నాడు థియేటర్ క్యాంటీన్‌లో ప్రీతి పరుగెత్తుకుంటూ వచ్చి ఫోను ముందు పెట్టింది. "సంయుక్తా, మా అన్నకి పైత్యం పట్టిందేమో చూడు!"

పక్క టేబుల్ దగ్గర కాఫీ తాగుతున్న హైమవతి కూడా తొంగి చూసింది.

ఛానెల్లో పాత వీడియోలు ఒక్కటీ లేవు. ఉన్నది ఒకే ఒక్క కొత్త వీడియో. అందులో బొమ్మల్లేవు, రాగం లేదు. చెమటలు కక్కుతూ శ్రీకుమార్ కూర్చుని ఉన్నాడు.

"వణక్కం. నా పేరు శ్రీకుమార్. ఈ ఛానెల్ నాదే. మీరందరూ ఇష్టపడిన గొంతు మెషిన్‌ది కాదు, సంయుక్త అనే డబ్బింగ్ ఆర్టిస్టుది. మా చెల్లెలి నిశ్చితార్థంలో ఆ అమ్మాయి లగ్నపత్రిక చదివితే, అడగకుండా ఎత్తుకున్నా. ఆమె ఎవురికీ అమ్మలేదు, ఆమెకి తెలియనే తెలీదు. ఇదిగో, అసలు రికార్డింగ్ వినండి." తర్వాత లగ్నపత్రిక వినిపించింది, వెనక పంకజం అవ్వ ముక్కు చీదిన చప్పుడుతో సహా. "అన్ని వీడియోలూ తీసేసినా. గొంతు యాప్‌లోంచి కూడా చెరిపేసినా. ఫైనల్‌కి మీరు వేరే ఛానెల్ చూసుకోండి. మన్నించండి."

నిన్న సంయుక్త అరిచిన మాటకు, మనిషి ఊరందరి ముందూ మొహం పెట్టేశాడు.

"ఫైనల్ ముందు మూసేశాడా? జనం విరగబడి చూసేది అప్పుడే కదే!" అని హైమవతి నోరు వెళ్ళబెట్టింది. ఆ వీడియో డైరెక్టర్‌కు పంపి, అక్కడే నిలబడి ఆయనతో గట్టిగానే మాట్లాడింది. సాయంత్రానికి పిలుపొచ్చింది. పరీక్షకు ఇచ్చిన ఏడుపు సీను సంయుక్త ఒక్క టేకులో ముగించింది. "ఈ అమ్మాయే" అన్నాడు డైరెక్టర్.

బయటికొస్తే కుండపోత వాన. పోర్టికోలో ప్రీతి కోసం గొడుగుతో నిలబడి ఉన్నాడు శ్రీకుమార్. ప్రీతి ఇద్దర్నీ ఒకసారి చూసి, గొడుగు లాక్కుని, "నేను బస్టాండులో ఉంటా అన్నా, నిదానంగా రా" అని ఉడాయించింది.

"వేషం వచ్చిందా?" అన్నాడు అతను.

"వచ్చింది. మీకు మాత్రం అంతా పోయింది."

"పోనీండి. తిరువొత్తియూరులో ఒక ప్యాకింగ్ కంపెనీ రమ్మనింది."

వాన హోరు పెరిగింది. సంయుక్త అతని కళ్ళలోకి చూసింది. "ఒకటడుగుతాను, అబద్ధం చెప్పొద్దు. కామెంటరీ కాక, నా గొంతుతో ఇంకేమైనా చెప్పించారా?"

లేదనొచ్చు. అన్నీ చెరిపేశాడు, ఎవరికీ తెలియదు. శ్రీకుమార్ మెడ వంచేశాడు.

"ఒకటే. 'శ్రీకుమార్, నువ్వంటే నాకు శానా ఇష్టం' అని. ఒకతూరి విన్నా. సంతోషం కాలేదు, సిగ్గేసింది. అది మీరు అనింది కాదు కదా. అప్పుడే తీసేసినా."

సంయుక్తకు కోపం రావాలి. వచ్చింది కూడా. దాంతో పాటు చెవులు వేడెక్కడం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అతను శిక్ష కోసం నిలబడినట్టు నిలబడ్డాడు.

"ఎలా పలికింది?" అంది సంయుక్త చివరికి.

"అయ్యో... తేనె మాదిరి. ఒక్క చోట గూడా తడబడలేదు."

"అదీ తప్పు! అసలు నేను 'శానా' అనను. ఆపైన, ఆ మాట అంత సాఫీగా ఏ ఆడపిల్లా చెప్పదు. మెషిన్‌కేం తెలుసు?"

"మరి ఎట్లా చెప్తారు?"

సంయుక్త గొంతు సవరించుకుంది. "శ్రీ..." అని ఆగింది. మళ్ళీ మొదలెట్టి, "నువ్వంటే నాకు..." దగ్గర మింగేసింది. ఇందాక ఒక్క టేకులో ఏడ్చి చూపించిన పిల్ల, ఇప్పుడు దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ వానవైపు తిరిగింది. ఇష్టమని తనకే ఈ క్షణాన తెలిసింది, ఆ సంగతికి తనే బిత్తరపోయింది.

"నువ్వంటే నాకు చాలా... ఇష్టం" అంది. గొంతు బొంగురుపోయి, చివరి మాట సగం గాలిలో కలిసిపోయింది.

ఏ థియేటర్లోనూ పనికిరాని టేకు అది. శ్రీకుమార్ కళ్ళు చెమర్చాయి.