వరమ్మ ఐగుప్తులో దిగనంది

శుక్రవారం ఉదయం. సౌదీలోని రాబిగ్‌లో, ఆ ఇంటి వంటగదిలో పెసరట్లు ఒక్కొక్కటిగా పెనం దిగుతున్నాయి. భోజనాల బల్ల మీద మాత్రం ప్లేటు పెట్టడానికి చోటు లేదు. నెహెమ్యా కాగితాలు పరిచి కూర్చున్నాడు.

పెట్రోకెమికల్ కంపెనీలో పదహారేళ్లుగా సేఫ్టీ ఆఫీసరు అతను. అక్కడ ఎవరు నిచ్చెన ఎక్కాలన్నా అతని సంతకం ఉండాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. కుక్కరు మూత తీసే ముందు అందరినీ రెండడుగులు వెనక్కి జరగమంటాడు. స్నానాల గదిలో తడి నేల ఉంటే పసుపు బోర్డు పెడతాడు. ఆ బోర్డు తగిలి కాలు జారినవాళ్లు ఇప్పటికి ఇద్దరు.

"ఏంటండీ అది?" అట్ల గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది క్రిస్టీనా. ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు ఆమె. అరుదుగా దొరికే సెలవు రోజు అది.

"రిస్క్ అసెస్‌మెంట్. సఫాగాలో దిగడానికి."

"మనం వెళ్లేది విహారానికండీ. మీ ప్లాంటు షట్‌డౌన్ పనికి కాదు."

వచ్చే బుధవారం జెద్దాలో ఓడ ఎక్కాలి. నాలుగు రోజుల క్రూయిజ్. మధ్యలో ఈజిప్టులోని, అంటే బైబిల్లోని ఐగుప్తులోని, సఫాగా రేవులో ఒక పగలంతా ఆగుతుంది. అక్కడినుంచి బస్సులో లక్సర్ వెళ్లి, వేల ఏళ్లనాటి గుళ్లు చూసి, చీకటి పడేలోగా ఓడ ఎక్కెయ్యొచ్చు. ఆ దేశంలో దిగడం క్షేమమేనా అని ఆఫీసులో ఎవరో అన్నారు. అంతే, నెహెమ్యా పెన్ను తీశాడు.

కూతురు జాయ్సీ ఒక కాగితం లాక్కుని పైకి చదివింది. "పద్నాలుగో అంశం, ఒంటె. ప్రమాదం, కరుచుట, తన్నుట. నివారణ, పది అడుగుల దూరము పాటించవలెను. డాడీ, ఈ పది అడుగుల సంగతి ఒంటెకి ఎవరు చెప్తారు?"

"పదిహేనేళ్లొచ్చాయి, నీకన్నీ వేళాకోళాలే," అన్నాడు నెహెమ్యా.

సోఫాలో కూర్చున్న వరమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. క్రిస్టీనా తల్లి ఆమె. రాజోలు నుంచి విజిట్ వీసా మీద వచ్చి నెల అయింది. ఓడ ప్రయాణానికి అందరికంటే సంబరపడుతున్నది ఆమే. ఓడలో జారకుండా ఉండాలని రబ్బరు అడుగు చెప్పులు కొనిపించుకుంది.

ఈ దేశం ఆమెకు కొత్త కాదు. ఖమీస్ ముషైత్‌లో ఒక సౌదీ ఇంట్లో తొమ్మిదేళ్లు పనిచేసింది. ఆ కొండ ఊళ్లో ఆమె చూసిన నీళ్లన్నీ సింకులోవే. ఒక్కసారైనా అమ్మను సముద్రం మీద కూర్చోబెట్టి, ఎవరో వచ్చి ఆమె తిన్న ప్లేటు తీసుకెళ్తుంటే చూడాలని క్రిస్టీనా కోరిక. ఆ కోరిక అడుగున ఒక ముల్లు కూడా ఉంది. క్రిస్టీనా పదమూడో ఏట నాన్న పోయాడు. ఖమీస్ నుంచి అమ్మ రాలేదు. "సెలవు దొరకలేదమ్మా," అని తర్వాత ఎప్పుడో చెప్పింది. క్రిస్టీనా మళ్లీ అడగలేదు. అడగకపోతే ముల్లు పోదని నర్సుకి తెలియకపోలేదు.

"మన చర్చి సంఘం గ్రూపులో ప్రయాణ క్షేమం కోసం ప్రార్థించమని పెట్టండి. ఓడ టైములు కూడా జత చెయ్యండి," అంది క్రిస్టీనా.

నెహెమ్యా పెట్టాడు. ఓడ టైములు బదులు రిస్క్ అసెస్‌మెంట్ జత చేశాడు. ఇరవై మూడు అపాయాలు, ఒక్కోదానికి తీవ్రత ఎంతో అంకెతో సహా, రాజోలు సంఘంలోని నూట పద్దెనిమిది ఫోన్లకు చేరిపోయాయి.

పది నిమిషాల్లో సంఘ పెద్ద కొర్నేలు గొంతు వాట్సాప్‌లో మోగింది. "వందనాలు నెహెమ్యా బాబూ! మీరెదుర్కోబోయే ఇరవై మూడు అపాయాలూ చదివి ఇక్కడ స్త్రీల సమాజం కన్నీళ్లు పెట్టుకుంది. వరమ్మ చెల్లెమ్మ క్షేమంగా ఓడెక్కి తిరిగొచ్చే వరకు వంతులవారీగా గొలుసు ఉపవాసం పెట్టుకున్నామండి. ఆ ఒంటె గురించి ప్రత్యేక ప్రార్థన కూడా ఉందండి. ఆయ్."

"తిండి మానేస్తున్నారంటండీ మన కోసం!" నెత్తి కొట్టుకుంది క్రిస్టీనా.

"మానేస్తే మానెయ్యనీ," అంది వరమ్మ. "కొర్నేలు అన్నయ్యకి షుగరు. కాస్త తగ్గుద్ది."

అంత సరదాగా ఉన్న మనిషి బుధవారం జెద్దా రేవులో మారిపోయింది.

ఓడ ఎక్కే ముందు కౌంటరులో అందరి పాస్‌పోర్టులూ తీసుకుని తలా ఒక నీలం కార్డు ఇచ్చారు. దిగడానికీ ఎక్కడానికీ ఈ కార్డు చాలన్నారు. వరమ్మ తన పాస్‌పోర్టు వదల్లేదు. కౌంటరు కుర్రవాడు ఒక కొస పట్టుకుని నవ్వుతూ లాగుతున్నాడు. రెండో కొస ఆమె పట్టుకుని ఉంది. "ఇచ్చెయ్యమ్మా, వెనక లైనుంది," అంది క్రిస్టీనా. వరమ్మ వేళ్లు ఒక్కొక్కటిగా విడిపోయాయి.

ఆ సాయంత్రం డెక్ మీద ఎవరో వచ్చి ఆమె తిన్న ప్లేటు తీసుకెళ్లారు. తెల్లారాక మళ్లీ తీసుకెళ్లారు. క్రిస్టీనా ఎదురుచూసిన దృశ్యమే. అయితే రెండుసార్లూ ప్లేటులో పెట్టింది పెట్టినట్టే ఉంది.

"రేపు ఐగుప్తులో నేను దిగను," అంది వరమ్మ. "మీరెళ్లి రండి."

"అదేంటి అమ్మమ్మా?"

"వాక్యం చూసుకో. ఐగుప్తుకెళ్లి సుఖపడ్డోళ్లు ఎవరే?"

"రాజోలు క్రిస్మస్ నాటకంలో బాలయేసు బొమ్మని చేతికిచ్చి, నన్ను గాడిదెక్కించి ఎక్కడికి పంపావు? ఐగుప్తుకేగా! క్షేమంగా దాక్కునే చోటని నువ్వే చెప్పావు!"

వరమ్మ "అది గాడిద. ఇది బస్సు," అంది.

పక్క బల్ల దగ్గర ఖాదర్ మొహిద్దీన్ కుర్చీ ఇటు తిప్పాడు. కడప మనిషి. మదీనాలో ఒక హోటల్లో పనిచేస్తాడు. తెలుగు వినబడితే ఆగలేడు. "ఏం కాదమ్మా, భయపడాకండి. నేను రెండుతూర్లు పోయొచ్చినా. ఎవురూ ఏమీ చెయ్యరు. బొమ్మలు కొనమని మాత్రం పానం తీస్తారు."

"రోడ్డు ఎలా ఉంటుంది?" నెహెమ్యా పెన్ను తీశాడు.

"మూడు గంటలు ఎడారి సార్. డ్రైవరు నిద్రపోకుండా మా ఆడమనిషి ఆయప్ప పక్కన కూసోని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మాట్లాడ్తానే ఉండింది. పాపం, ఆయప్పకి తెలుగు రాదు."

అటు పక్క ఎవరో వార్తల్లో చూసిన గొడవ చెప్పారు. అది ఆ దేశం కాదని ఇంకెవరో అన్నారు. మంచు ముక్కలు వేసిన రసం తాగితే ఆసుపత్రేనని ఒకావిడ, తన పిల్లలు లీటర్ల కొద్దీ తాగారని ఇంకొకావిడ వాదించుకున్నారు. సాయంత్రానికి డెక్ రెండు పార్టీలయింది. దిగేవాళ్లు ఒకవైపు, దిగనివాళ్లు ఒకవైపు. దిగనివాళ్లు వరమ్మను తమ నాయకురాలిగా చూస్తూ ఆమె కుర్చీ చుట్టూ చేరారు. ఆమెకు వాళ్ల గోల ఏమీ పట్టలేదు. నీలం కార్డును తిప్పి తిప్పి చూసుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే ఓడ సఫాగాలో ఆగింది. మెట్ల దగ్గర లైను కదులుతోంది. నెహెమ్యా మెడలో విజిల్, వీపు మీద మందుల సంచి. జాయ్సీ తండ్రిని ఎరగనట్టు నాలుగడుగులు ముందు నిలబడింది. వరమ్మ మెట్లకు అటుగా ఒక కుర్చీలో కూర్చుని రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది.

"అత్తయ్యగారూ, రండి," అన్నాడు నెహెమ్యా. "ఇరవై మూడింటికీ జాగ్రత్తలు తీసుకున్నాను. ఒక మనిషి తగ్గితే నా హెడ్ కౌంట్ తప్పుతుంది."

"ఓడలోనే ఉంటాను బాబూ. ఇక్కడ కూర్చుంటే నాకేం కాదు."

"అమ్మా, లే," అంది క్రిస్టీనా.

"నన్నొదిలెయ్యవే."

రెండు రోజులుగా అదిమిపెట్టుకున్నది క్రిస్టీనా నోట్లోంచి ఒక్కసారిగా వచ్చేసింది. రెండు రోజులుగా కాదు, పాతికేళ్లుగా. "ఎప్పుడూ ఇంతే! నేను రమ్మన్నచోటికి నువ్వు ఒక్కసారైనా వచ్చావా? నాన్న పెట్టె మీద మన్ను వేసేటప్పుడు వీధి చివరకి చూస్తూ నిలబడ్డాను. వస్తావనుకున్నాను. పిన్ని వచ్చి లోపలికి లాక్కెళ్లేదాకా నిలబడ్డాను. సెలవు దొరకలేదన్నావు. ఇప్పుడేమో ఐగుప్తంటున్నావు. రాకపోవడానికి నీకెప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది!"

లైను ఆగిపోయింది. ఖాదర్ మొహిద్దీన్ భార్య నోట్లో పెట్టుకున్న ఖర్జూరం నమలడం మానేసింది.

వరమ్మ కూతురి వైపు చూడకుండా నీలం కార్డు వైపే చూస్తూ మాట్లాడింది. "సెలవు దొరికిందే. అడగ్గానే ఇచ్చారు. అయితే ఫోన్లో ఇచ్చారు."

"అంటే?"

"నా పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుండేది. వీసా ఇప్పించి పనిలో పెట్టుకున్న ఆ ఇంటి యజమానే కదా కఫీలు. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవోడు. అప్పట్లో అందరిళ్లల్లో అంతే. ఆ నెల వాళ్లందరూ సెలవులకి ఇదిగో, ఈ ఐగుప్తుకే వచ్చారు. తాళం చెవి ఆయన జేబులో ఉంది. ఇంట్లో నేనూ, వాళ్ల ముసలమ్మా. మీ నాన్న పోయాడని కబురొచ్చింది. ఫోన్ చేస్తే ఆయన పాపం, వెళ్లు వరమ్మా, వెళ్లు అన్నాడు. ఎలా వెళ్తాను? ఆ ముసలమ్మ కూరలు కోసే కత్తి తెచ్చి ఇనప్పెట్టె తాళంలో పెట్టి తిప్పింది. కత్తి విరిగింది. ఇద్దరం ఆ పెట్టె ముందు కూర్చుని ఏడ్చాం. వాళ్లొచ్చేటప్పటికి పద్దెనిమిది రోజులయింది. ఇంకెవరి కోసం వెళ్లాలి?"

"నా కోసం," అంది క్రిస్టీనా. గొంతు పదమూడేళ్ల పిల్లదిలా ఉంది.

"నీ ఫీజు కోసమే ఉండిపోయాను." వరమ్మ ముక్కు తుడుచుకుంది. "ఐగుప్తంటే నాకేం భయం లేదే. బాంబులు, ఒంటెలు, మంచు ముక్కలు, నాకేం లెక్క? పాస్‌పోర్టు ఒకచోట, నేను ఒకచోట. ఆ మెట్టు దిగితే మళ్లీ అదే. కాళ్లు రావట్లేదు."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఆ డబ్బుతో వచ్చిన పుస్తకం ముట్టుకునేదానివా నువ్వు?"

క్రిస్టీనా కింద కూర్చుని తల్లి ఒళ్లో తల పెట్టేసింది. ఆసుపత్రిలో ఎందరి ఏడుపో ఆపిన మనిషికి తన ఏడుపు ఆపడం చేతకాలేదు. తండ్రిని ఎరగనట్టు నిలబడ్డ జాయ్సీ పరిగెత్తుకొచ్చి ఇద్దరినీ కలిపి పట్టుకుంది.

నెహెమ్యా మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. "ఇరవై మూడు రాశాను. ఇది ఒక్కటి రాయలేదు," అన్నాడు మెల్లగా. "అత్తయ్యగారూ, మీరు కూర్చోండి. ఓడ కౌంటరుకి వెళ్లి మీ పాస్‌పోర్టు నేను అడుగుతాను."

వరమ్మ లేచి నిలబడింది. "ఆగండి బాబూ. అప్పుడు ఆ ఇనప్పెట్టెని నోరు తెరిచి అడగలేకపోయాను. ఇప్పుడు మనిషే ఉంది కదా. నేనే అడుగుతాను."

రబ్బరు చెప్పులు చప్పుడు చేసుకుంటూ ఆమె నేరుగా కౌంటరు దగ్గరికి నడిచింది. అక్కడ నల్లని అబాయాలో ఒక సౌదీ అమ్మాయి కంప్యూటరు చూస్తోంది. వరమ్మ కొంగు సర్దుకుని, ఖమీస్‌లో నేర్చుకున్న అరబ్బీలో గట్టిగా అంది, "అబ్‌గా జవాజ్ హగ్గీ, యా బింతీ." నా పాస్‌పోర్టు నాక్కావాలి తల్లీ.

ఆ అమ్మాయి తలెత్తి ముచ్చటగా చూసింది. కొండ ప్రాంతపు యాసలో మాట్లాడే చీర మనిషిని ఆమె ఎన్నడూ చూసి ఉండదు. ఇనప్పెట్టెలు లేవు, ఫోన్లు లేవు. సొరుగు లాగింది, వెతికింది, తీసింది. ఒక పుస్తకంలో సంతకం పెట్టాల్సిన చోటు చూపించి, "తఫద్దలీ యా ఖాలా," అంది. తీసుకో పిన్నీ అని.

"ఇంతేనా?" తెలుగులోనే అడిగింది వరమ్మ.

ఇంతే. అర నిమిషం కూడా పట్టలేదు. వరమ్మ సంతకం పెట్టి, పాస్‌పోర్టు తెరిచి తన ఫొటో తనదేనా అని చూసుకుని, చేతిరుమాల్లో చుట్టి బొడ్లో దోపుకుంది. తర్వాత మెట్ల వైపు తిరిగి, "ఏంటలా నిలబడ్డారు? పదండి, బస్సెళ్లిపోద్ది!" అంది. దిగనివాళ్ల పార్టీ తమ నాయకురాలు ఫిరాయించడం చూసి కాసేపు గుసగుసలాడి, సంచులు తీసుకుని ఒక్కరొక్కరే వెనకే దిగారు.

బస్సులో వరమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "కొర్నేలు అన్నయ్యా, వందనాలు. దిగాం. ఉపవాసం ఆపేసి అన్నాలు తినండి."

వెంటనే జవాబొచ్చింది. "స్తోత్రం చెల్లెమ్మా! ఒంటె సంగతి తేలాక తింటామండి."

లక్సర్‌లో గుడి బయట ఒంటె తయారుగా ఉంది. నెహెమ్యా చెయ్యి అడ్డం పెట్టి అందరినీ పది అడుగుల దూరంలో నిలబెట్టాడు. వరమ్మ ఆ చేతి కింద నుంచి వంగి వెళ్లిపోయి ఒంటె మనిషితో అరబ్బీలో బేరం మొదలుపెట్టింది. అతను ఏదో అన్నాడు. ఆమె ఇంకేదో అంది. ఇద్దరూ నవ్వారు. ఒంటె మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తయ్యగారూ! పద్నాలుగో అంశం!" కేకేశాడు నెహెమ్యా.

"మీరు రాసుకుంటూ ఉండండి బాబూ." వరమ్మ కుచ్చెళ్లు ఎగదోపుకుంది. ఒక కాలు ఎత్తబోయి ఆగింది. బొడ్లో చెయ్యి పెట్టి రుమాలు తీసి, వెనక్కి చూడకుండానే క్రిస్టీనా వైపు చాచింది.

"ఎక్కేటప్పుడు పడిపోద్దేమో. ఇది పట్టుకోవే."

"నా దగ్గరా అమ్మా?" క్రిస్టీనా చెయ్యి చాచలేదు. "నీ దగ్గరే ఉంచుకో."

"నీ దగ్గరుంటే నా దగ్గర ఉన్నట్టే. పట్టుకో, ఒంటె లేచిపోతోంది!"

క్రిస్టీనా రెండు చేతులతో అందుకుంది. రుమాలు ఇంకా వెచ్చగా ఉంది. పైనుంచి అమ్మ కేక, కింద నుంచి భర్త విజిలు, మధ్యలో కూతురి నవ్వు వినిపిస్తున్నాయి. కళ్లనిండా నీళ్లుండటం వల్ల ఒంటె మీద అమ్మ ఆమెకు రెండుగా కనబడింది.

క్రిస్టీనా కళ్లు తుడుచుకోలేదు. రెండు చేతులూ ఖాళీ లేవు మరి.