తోటకో ఓర్వలేనివాడు

డాక్టర్ ఫర్హానా యాదిరెడ్డి ద్రాక్షతోటలో పందిరి మోసే రాతి కడీలకు అగ్గిపెట్టెలంత డబ్బాలు బిగిస్తూంటే, కంచెకు ఇవతల శ్రీపాల్ రెడ్డి కడుపు మండిపోతోంది. ఆ డబ్బాలు ఏం చేస్తాయో ఆయనకు సరిగా తెలియదు. మంచే చేస్తాయని తెలుసు, అది తన తోటకు కాదనీ తెలుసు. మండడానికి అంతకన్నా ఏం కావాలి?

నిజానికి ఆ సైంటిస్టమ్మ మొదట వచ్చింది ఆయన దగ్గరికే. ఈ ఏడు ఒక్క తోటలోనే ప్రయోగమనీ, మందు కొట్టడం మాత్రం పూర్తిగా మానెయ్యాలనీ చెప్పింది. ఇందులో ఏదో మతలబు ఉందని శ్రీపాల్ రెడ్డి ఆవిడకు టీ తాగించి పంపేశాడు. ఆవిడ పక్కతోటలో కాలుపెట్టిన క్షణం నుంచి అదే యంత్రం ఆయన కళ్లకు బంగారంలా కనబడసాగింది.

యంత్రం సంగతి చెప్పాలి. ద్రాక్షాకుకు బూజు తెగులు పట్టగానే అది ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు అందనంత సన్నటి వాసన. దాన్ని పసిగట్టిన పక్కతీగలు ముందుగానే జాగ్రత్తపడి, పండు తోలు మందం చేసుకుంటాయి, లోపల వగరు పెంచుకుంటాయి. కాని గాలికి చెదిరిపోయి ఆ కబురు నాలుగు తీగలు దాటదు. ఫర్హానా డబ్బాలోని సెన్సర్ ఆ వాసనను పట్టుకుంటుంది, వెంటనే ప్రతి కడీ దగ్గరా అదే వాసనను నాజిల్‌తో చిమ్ముతుంది. తోట మొత్తం ఒక్కసారిగా అప్రమత్తమవుతుంది. తమను తాము కాపాడుకునే తీగలకు మందుతో పనేముంది?

గుండ్లవాగు వైనరీలో ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఏడు ఎవరి పండుతో అన్నిటికన్నా మేలైన వైన్ తయారవుతుందో, ఆ రైతు పేరు సీసాల మీద అచ్చు వేస్తారు. ఇన్నాళ్లూ అది శ్రీపాల్ రెడ్డి పేరే. హాల్లో అద్దాల బీరువాలో ఆ సీసాలు వరసగా పేర్చి, వచ్చినవాళ్లను దాని ఎదుటే కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు ఆ వరసలోకి యాదిరెడ్డి పేరు వస్తుందేమోనన్న తలంపుకే అన్నం సహించడం లేదు.

వానలు పడ్డాయి. శ్రీపాల్ రెడ్డి తోటలో ఒక మూల బూజు కనిపించింది. తెగులు పట్టిన ఆకును కోసి దూరంగా కాల్చెయ్యడం అక్కడ పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. శ్రీపాల్ రెడ్డి కోయించాడు గాని కాల్పించలేదు. తీసుకొచ్చి యాదిరెడ్డి కంచెకు ఆనించి కుప్ప పోయించాడు. గాలి అటువైపే వీస్తోంది మరి. భార్య సునంద చూసి ఇదేం పనని అడిగితే, తడి ఆరనీ, కాలుద్దామన్నాడు. ఆరినకొద్దీ కొత్త ఆకు తెచ్చి పైన వేస్తూనే ఉన్నాడు.

యాదిరెడ్డి తోట చెక్కుచెదరలేదు. గాలి మాత్రం ఒకనాడు ఇటు తిరిగింది.

తన తోటంతా బూజు పాకేసరికి శ్రీపాల్ రెడ్డి మందు బయటికి తీశాడు. కోత దగ్గరపడింది, అప్పుడు మందు కొట్టకూడదు. కూలీలతో కొట్టిస్తే ఊరంతా తెలుస్తుంది. అందుకని తనే మందు డబ్బా వీపుకు తగిలించుకుని, మాస్కూ గ్లౌజులూ లేకుండా, చెప్పిన మోతాదుకు రెట్టింపు కొట్టాడు. సాయంత్రానికి కళ్లు తిరిగి పందిరి కిందే వాంతి చేసుకున్నాడు. సునంద బట్టలు మార్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించి ఆసుపత్రికి తీసుకుపోయింది. దారిపొడుగునా తిడుతూనే ఉంది. ఆయన చెవిన పడలేదు. ఆ దారిలో యాదిరెడ్డి పందిరి కనిపిస్తోంది, గుత్తులు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

వైనరీలో శ్రీపాల్ రెడ్డి పండ్ల రసం పులియలేదు. బూజును చంపే మందు రసాన్ని పులియబెట్టే ఈస్ట్‌నూ చంపేసింది. పరీక్ష చేసి, ఇది మనుషులు తాగేది కాదని మొత్తం పారబోశారు. యాదిరెడ్డి వైన్ రుచి చూసినవాళ్లు మాత్రం మళ్లీ గ్లాసు చాపారు.

వైనరీవాళ్లు పెట్టిన రుచుల సభలో ఫర్హానా తెరమీద గ్రాఫు చూపించింది. "ఈ యంత్రం కబురు మోస్తుందంతే. ప్రమాదం లేకపోతే మొయ్యడానికి కబురే ఉండదు," అంది. "యాదిరెడ్డిగారి కంచె పక్కన ఎవరో బూజాకు కుప్ప పోశారు. రోజూ కొత్తది వేశారు. తీగలు రోజూ భయపడ్డాయి, రోజూ వగరు పెంచుకున్నాయి. ఈ రుచికి సగం కారణం ఆ కుప్పే."

ఆ సగం ఎవరిదో తెలియకుండా పోతుందంటే శ్రీపాల్ రెడ్డి తట్టుకోలేకపోయాడు. సునంద ఆయన చొక్కా పట్టుకుని లాగుతున్నా లేచి నిలబడ్డాడు.

"అది నా కుప్ప," అన్నాడు.

సభలో ఒక్కసారి నవ్వులు లేచాయి. యాదిరెడ్డి నవ్వలేదు. గబగబా వచ్చి ఆయన్ని కావలించుకుని, "నా కోసం నీ తోట పాడు చేసుకున్నవా అన్నా," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంతకన్నా చెంపమీద కొట్టినా శ్రీపాల్ రెడ్డికి బాగుండేది. సీసామీద మాత్రం ఒక్క యాదిరెడ్డి పేరే వేశారు.

మరుసటి ఏడు శ్రీపాల్ రెడ్డి పట్టుబట్టి ఆ యంత్రం తన తోటలోనూ పెట్టించుకున్నాడు. వానలు వచ్చాయి. డబ్బాలు కిక్కురుమనలేదు. పోయినేడు కుమ్మరించిన మందు ఫలమో ఏమో, తన తోటలో బూజు మచ్చుకైనా లేదు. గుత్తులు లావుగా, వగరు లేక నీళ్లనీళ్లగా, ఏ దిగులూ లేకుండా వేలాడుతున్నాయి. పక్కతోటలో అక్కడక్కడా బూజు ఉంది. కాని యాదిరెడ్డి ప్రతి ఆకూ ఏరి, సంచిలో మూటగట్టి, అన్నతోటకు గాలి తగలకుండా దూరంగా తీసుకుపోయి కాల్చేస్తున్నాడు.

చివరికి శ్రీపాల్ రెడ్డి సిగ్గు విడిచి కంచె దాటి వెళ్లాడు.

"తమ్మీ, ఆ ఆకులు నా కంచె పక్కన పొయ్యరాదూ?"

"నీకు చెడు చెయ్యనీకి నాకు చేతులెట్ల వస్తయన్నా?" యాదిరెడ్డి నొచ్చుకున్నాడు.

"చెడు కాదురా. ఒక్క ఏడాది, ఒక్కటంటే ఒక్కటి, నామీద కుళ్లుకో. నా మనసులో ఉన్నదాంట్లో సగమున్నా చాలు."

యాదిరెడ్డి సంచి కింద పెట్టి చాలాసేపు ఆలోచించాడు. అన్న అడిగింది ఎట్లాగైనా చెయ్యాలనే ఉంది ఆయనకు. శ్రీపాల్ రెడ్డి తోటవైపు చూశాడు, ఇంటివైపు చూశాడు, చివరికి ఆయన మొహంలోకి చూశాడు.

"నీ తాన ఏమున్నదని కుళ్లుకోవాలె అన్నా?" అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేదని శ్రీపాల్ రెడ్డికి అనిపించింది.